ఊసరవెల్లి రికార్డులో రెండో సంతకం

ఊసరవెల్లిని ఎలా పెంచాలో నాకు తెలిసినంత వివరంగా పటాన్‌చెరు చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు. దానికి గాజు పెట్టె పనికిరాదు, గాలి ఆడే జాలీ గూడు కావాలి. గిన్నెలో నీళ్ళు పెడితే తాగదు, ఆకు మీద జారే చుక్కనే తాగుతుంది. పొద్దుటి ఎండ తగలాలి, ఎండ ఎక్కువైతే తప్పుకోవడానికి నీడా ఉండాలి. చేతిలోకి తీసుకుని ముద్దు చేస్తే మనకు ముద్దుగా ఉంటుంది గాని దానికి భయంగా ఉంటుంది. ఇన్ని తెలిసినవాడు చేసిన ఘనకార్యం ఏమిటో ఇప్పుడు చెబుతాను. దాని తర్వాత నా చదువు మీద, ఉద్యోగం మీద, కళ్ళ మీద మా వీధిలో ఎవరికీ నమ్మకం మిగల్లేదు. నవ్వొస్తే నవ్వండి. ఇది జరిగిన రోజున అందరికంటే ఎక్కువ నవ్విన మనిషి ఇప్పుడు లేదు కాబట్టి, ఆమె వాటా కూడా మీరే నవ్వాలి.

అప్పటికి నేను బొంతపల్లి దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేసేవాణ్ణి. మందు తయారుచేసే పని కాదు నాది. తయారైనట్టు కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే పని. రియాక్టర్ ఎంత వేడెక్కింది, గదిలో తేమ ఎంత, ఎవరు చూశారు, చూసినవాడు నిజంగా చూశాడని ఇంకెవరు చూశారు. ప్రతి కాగితం చివరా రెండు గళ్ళు ఉంటాయి: రాసినవారు, తనిఖీ చేసినవారు. రెండు సంతకాలూ లేనిది మా దగ్గర కాగితమే కాదు.

కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు పాఠం నేనే చెప్పేవాణ్ణి. "కంటితో సూడనిది చేతితో రాయొద్దు. పొద్దుగాల రాయాల్సింది సాయంత్రం గుర్తుకొస్తే, ఆ రోజు తేదీ, ఆ టైమే ఎయ్యి. ఎందుకు ఆలస్యమైందో కారణం రాయి. గప్పుడు సంతకం పెట్టు. పాత టైము ఏసి పెట్టినవో, గేటు బయట ఉంటవ్." పదిహేనేళ్ళు ఈ పాఠం చెప్పాను. మీరు గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోబోతున్నాను.

ఇంట్లో మేమిద్దరమే, నేనూ హైమా. హైమ వాళ్ళ నాన్న కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డ మనిషి. హైమ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఇంట్లో వాళ్ళమ్మ భాష మాట్లాడేది, నన్ను "ఏమండీ" అనేది. కోపం వస్తే మాత్రం మా యాసలోకి దిగేది, దిగగానే నేను "మీరు" నుంచి "నువ్వు" అయిపోయేవాణ్ణి. ఆ ఒక్క మాట మార్పుతో ఆ రోజు వాతావరణం ఎలా ఉండబోతోందో నాకు తెలిసిపోయేది.

హత్నూరలో ఒక పెళ్ళికి వెళ్ళి స్కూటరు మీద తిరిగి వస్తున్నాం. రోడ్డు పక్కన ముగ్గురు మగవాళ్ళు రాళ్ళు పట్టుకుని దేన్నో కొడుతున్నారు. హైమ నా భుజం మీద గుద్దింది.

"ఆపండి, ఆపండి!"

నేను ఆపేలోపే దిగేసింది. చూస్తే ఊసరవెల్లి. రోడ్డు దాటుతోంది. దాటుతోంది అంటే, ఒక కాలు ఎత్తి, వేయాలా వద్దా అని ముందుకూ వెనక్కూ ఊగి, పెద్దల్ని అడిగి వచ్చినట్టు వేస్తోంది. వెనక కాలికి రాయి తగిలినట్టుంది, ఈడుస్తోంది.

"ఏందన్నా, గదేం జేసింది మీకు?" అంది హైమ.

"మంచిది గాదక్కా అది. మనిషిని సూసుకుంట తలకాయ ఊపుతది, నెత్తురు పీలుస్తది."

"పన్నెండేండ్ల సంది మా ఆయన పీలుస్తున్నడు. ఇగ దీనికేం మిగిలింది నా ఒంట్ల?"

వాళ్ళు నావైపు చూశారు. నేను స్కూటరు అద్దం తుడుచుకున్నాను. వాళ్ళు నవ్వి రాళ్ళు పారేశారు. హైమ పెళ్ళిలో ఇచ్చిన సంచిలోంచి కొబ్బరికాయ, తమలపాకులు తీసి నా చేతిలో పెట్టి, ఊసరవెల్లిని ఒక పుల్ల మీదికి ఎక్కించి సంచిలో దింపింది. సంచి మీద వధూవరుల పేర్లు, కింద "మీ రాక మాకెంతో ఆనందం" అని ఉంది.

దారిలో నా వీపు వెనక నుంచి అంది: "కాలు బాగయ్యేదాకానే. తర్వాత వదిలేద్దాం. మాటివ్వండి."

"ఇచ్చిన."

"బతకాలి అది."

"బతుకుతది. నేను సూసుకుంట గద."

ఈ చివరి మాట నేను చాలా ధైర్యంగా అన్నాను. తర్వాత జీవితంలో ఇంకోసారి కూడా ఇదే మాట ఆమెతో అన్నాను. అది ఈ కథలోది కాదు.

మేం అద్దెకుండేది లక్డారం పోయే దారిలో, బాలమణి అనే ఆమె ఇంట్లో. ముందు భాగం ఆమెది, వెనక రెండు గదులు, వరండా మావి. వరండా ముందు ఆమె మునగ చెట్టు, దాని కింద ఆమె పాలకూర మడి. బాలమణి భర్త పోయాక ఆ పాలకూరకే కాపలా కాస్తూ బతికేది. సంచిలోంచి వచ్చిన ప్రాణిని చూసి నోరు తెరిచింది.

"ఊసరవెల్లినా! ఇంట్ల వెట్టుకుంటవా సారూ? సదువుకున్నోనివేనా?"

"కాలు విరిగింది బాలమణక్కా. బాగైనంక వదిలేస్తం."

"దాని రంగు నా గోడకు అంటిందనుకో, సున్నం నువ్వే ఏపిస్తవ్. సెప్తున్న."

పేరు పెట్టింది హైమ. వాళ్ళ స్కూల్లో అప్పారావు మాస్టారని లెక్కలు చెప్పేవారట. ఒక కన్ను బోర్డు మీద, ఇంకో కన్ను చివరి బెంచీ మీద ఉండేదట. ఊసరవెల్లి కళ్ళు రెండూ రెండు దిక్కులకు తిరగడం చూసి హైమ లేచి నిలబడి నమస్కారం పెట్టింది. "మాస్టారూ, ఇవాళ హోంవర్క్ చేయలేదండీ" అంది. అలా అది అప్పారావు మాస్టారు అయింది. నా లెక్కలో మాత్రం దాని పేరు శాంపిల్ నంబరు ఒకటి.

ఆ రోజు నుంచి నేను చదవడం మొదలుపెట్టాను. ఫోన్‌లో కనబడిందల్లా చదివాను. తెల్లవాళ్ళు తమ ఊసరవెల్లుల గదులు చూపించే వీడియోలు చూశాను. ఆ గదులు మా పడగ్గది కంటే బాగున్నాయి. పాత బట్టల స్టాండుకు నాలుగువైపులా దోమల జాలీ కట్టి గూడు చేశాను. లోపల కరివేపాకు కుండీ ఒకటి, మందార కుండీ ఒకటి, ఎక్కడానికి అడ్డంగా పుల్లలు. మందుల షాపులో సెలైన్ సెట్టు కొని, సీసాలో నీళ్ళు పోసి, గూడు పైకప్పుకు వేలాడదీశాను. చుక్క చుక్కగా ఆకుల మీద పడుతుంది. బాలమణి అది చూసి బుగ్గలు నొక్కుకుంది.

"మా ఆయనకు గూడ గింత జల్దీ గ్లూకోజ్ ఎక్కియ్యలే దవాఖానల."

ఉష్ణోగ్రత, తేమ చూపే చిన్న మిషను తగిలించాను. చివరికి, ఇవన్నీ ఉన్నా ఏదో లోటుగా అనిపించింది. ఏమిటో ఫ్యాక్టరీ బస్సులో తట్టింది. రికార్డు లేదు. వెంటనే కుట్టిన నోటు పుస్తకం ఒకటి తెచ్చి, ప్రతి పేజీకీ నంబరు వేసి, స్కేలుతో గళ్ళు గీశాను. తేదీ, సమయం, ఉష్ణోగ్రత, తేమ, రంగు, తిన్నది, కదలిక. చివర మామూలే: రాసినవారు, తనిఖీ చేసినవారు.

"తనిఖీ ఎవరు చేస్తారు?" అంది హైమ.

"నువ్వే. పొద్దుగాల నేను రాసి పోత. తర్వాత నువ్వు సూసి సంతకం పెట్టు."

"చూసే పెట్టాలా?"

"గదేం ప్రశ్న? సూడకుంట పెడితే సంతకం కాదది, మోసం."

"సరే. చూడకుండా పెట్టను" అంది. ఆమె అంత బుద్ధిగా ఒప్పుకోవడం చూసి, నేను మంచి గురువునని మురిసిపోయాను.

ఫ్యాక్టరీలో నా కింద పనిచేసే యాదగిరికి సంగతి చెప్పాను. వాడు భయపడ్డాడు.

"అన్నా, అడవి జీవిని ఇంట్ల వెట్టుకుంటే కేసైతదంట. తెల్సా?"

"పెంచుత లేనురా. క్వారంటైన్‌ల వెట్టిన. కాలు సరైతే రిలీజే."

నిజానికి నేను చదివిన వ్యాసాల్లో ఒకదాని ఆఖరి వరుసలో కూడా అదే ఉంది: చెట్టు మీద పుట్టినదాన్ని చెట్టు మీదే ఉండనివ్వండి, దానికి అంతకంటే మంచి గూడు లేదు, అని. గూడు కొలతల దగ్గరే నాకు నచ్చేసింది కాబట్టి ఆఖరి వరుస దాకా అప్పట్లో పోలేదు. ఏదైనా ఆఖరి దాకా చదవకపోవడం నాకు ఎంత పాత జబ్బో మీరే చూస్తారు.

మొదటి మూడు రోజులు న్యాయంగా పనిచేశాను. పొద్దున లేచి గూడు ముందు ముక్కాలి పీట వేసుకుని కూర్చునేవాణ్ణి. అప్పారావు మాస్టారు ఆకుల మధ్య ఆకై కూర్చునేవారు. ఆయన్ని కనిపెట్టడానికి పదిహేను నిమిషాలు పట్టేది. ముందు ఒక కన్ను దొరికేది, ఆ తర్వాత మిగతా మాస్టారు. అప్పుడు రాసేవాణ్ణి: రంగు ఆకుపచ్చ, కదలిక నిదానం.

నాలుగో రోజు బస్సుకు ఆలస్యమైంది. గూడు ముందు నిలబడ్డాను. ఆకులు కనబడ్డాయి, మాస్టారు కనబడలేదు. చూడటానికి పదిహేను నిమిషాలు, రాయడానికి పదిహేను సెకన్లు. నిన్నా ఆకుపచ్చే, మొన్నా ఆకుపచ్చే. ఎక్కడికి పోతాడు? "ఆకుపచ్చ. నిదానం" అని రాసి, సంతకం గీకి, చెప్పులు వేసుకుని పరుగెత్తాను.

అదే రోజు నేను వెళ్ళిన తర్వాత జరిగింది హైమ తర్వాతెప్పుడో చెప్పింది. మాస్టారు జాలీని పట్టుకుని మునగ చెట్టు వైపు ముఖం పెట్టి ఉన్నారట. ఒళ్ళంతా నల్లబడిందట. ముందు రోజు వేసిన మిడతలు ముట్టలేదట. కాలు మాత్రం బాగా ఆడుతోందట. హైమ కాసేపు చూసి, తలుపు తీసి, పుల్ల అందించిందట. మాస్టారు పుల్ల మీంచి కొమ్మ మీదికి వెళ్ళారట. వెనక్కి చూశారా అని అడిగాను. "ముందుకు పోతూనే వెనక్కీ చూశాడండీ, రెండు కళ్ళు ఎందుకున్నాయి మరి" అంది.

సాయంత్రం నేను రాగానే చెబుదామనుకుందట. కాని వస్తూనే నేను చేతిలో మిడతల డబ్బా పట్టుకుని వచ్చాను. ఫ్యాక్టరీ గోడ పక్క గడ్డిలో అరగంట దుమికి పట్టిన మిడతలు. డబ్బా జాలీలోకి ఒంపి, పుస్తకం తీసి, సాయంత్రం పద్దు కూడా రాసేశాను.

"ఎలా ఉన్నాడండీ?" అంది హైమ, మెల్లగా.

"మస్తున్నడు. హుషార్‌గున్నడు."

"చూశారా?"

"సూడకుంట రాస్తనా?"

ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. "లేదు లేదు. మీరు రాయరు" అని వంటింట్లోకి వెళ్ళింది. లోపల గిన్నెలు గట్టిగా కదిలిన చప్పుడైంది. నవ్వాపుకుంటే ఆమె గిన్నెలు తోమేదని అప్పుడు నాకు తెలియదు. ఆ వారం మా గిన్నెలు తళతళలాడాయి.

అలా పదకొండు రోజులు గడిచాయి. పదకొండు రోజులూ రెండు పూటలా రాశాను. రాసే కొద్దీ నాకు ధైర్యం, కల్పన పెరిగాయి. "లేత ఆకుపచ్చ" అన్నాను. "ఉత్సాహం మెరుగు" అన్నాను. ఒక రోజు "నన్ను గుర్తుపడుతున్నట్టుంది" అని కూడా రాశాను. సాయంత్రం వేసిన మిడతలు పొద్దుటికి ఉండేవి కావు కాబట్టి "తిన్నది" గడిలో నాలుగు, ఐదు, ఆరు అని సంతోషంగా నింపాను. అవి ఎక్కడికి పోతున్నాయో బాలమణి పాలకూరకు తెలుసు.

"సారూ! నా పాలకూర సూసినవా? జల్లెడైంది జల్లెడ! యాడికెల్లి వస్తున్నయో మిడతలు, దండుకు దండు!"

"ఈ ఏడు వానలు ఎక్కువున్నయి గద బాలమణక్కా" అన్నాను.

హైమ రోజూ రాత్రి నేను పడుకున్నాక ఆ మిడతల్ని కూడా వదిలేస్తోంది. వాటికి మాత్రం ఇల్లూ వాకిలీ ఉండదా అని.

ఆదివారం యాదగిరి వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఊసరవెల్లి రంగు మార్చడం చూపిస్తానని వారం రోజులుగా ఊరించింది నేనే. ఊసరవెల్లి వెనక ఏ రంగు పెడితే ఆ రంగుకు మారదు. ఎండను బట్టి, కోపాన్ని బట్టి, భయాన్ని బట్టి మారుతుంది. నేను చదివాను, నాకు తెలుసు. కాని వచ్చినవాళ్ళ ముఖాలు చూశాక ఆ మాట చెప్పబుద్ధి కాలేదు. ఎర్ర తువ్వాలు ఒకటి తెచ్చి గూడు వెనక కట్టాను.

"ఇగ సూడుండ్రి" అన్నాను.

యాదగిరి జాలీకి ముక్కు ఆనించాడు. "యాడుందన్నా?"

"గదే దాని గొప్పతనం. కనవడకపోవుడే."

"నాకైతే కరెపాకు చెట్టు కనవడుతుంది."

"నిదానంగ సూడు. ముందుగాల కన్ను కనవడుతది."

వాళ్ళమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని వంగింది. కాసేపటికి అరిచింది. "గదో! గదో తోక! చుట్ట చుట్టుకున్నది!"

"ఆఁ, అవునమ్మా!" అన్నాడు యాదగిరి. "అగో, కన్ను గూడ తిప్పుతున్నది! అన్నా, ఎర్రగైతున్నది అన్నా!"

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. నాకూ కనబడింది. పదకొండు రోజులుగా చూడనివాణ్ణి, ఆ క్షణం స్పష్టంగా చూశాను. తోక, కన్ను, నెత్తి మీద టోపీలాంటి ఎముక, అన్నీ. పైగా కొంచెం ఎర్రబడినట్టు కూడా ఉంది. హైమ మెట్టు మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

అంతలో బాలమణి చేతిలో కొక్కెం కర్ర, చంకలో నాలుగు మునక్కాయలతో ఇటు వచ్చింది.

"ఏం సూస్తుండ్రు అందరు గట్ల? సినిమానా?"

"ఊసరవెల్లిని బాలమణక్కా" అన్నాను. "ఎర్రగ మారుతుంది, నువ్వు గూడ సూడు."

బాలమణి గూట్లోకి చూసింది. నన్ను చూసింది. కర్ర ఎత్తి మునగ చెట్టును చూపించింది.

"మరి గా కొమ్మ మీద పది దినాల సంది కూసున్నదెవ్వలు? దాని తమ్ముడా?"

అందరం తిరిగాం. మునగ కొమ్మ మీద, మట్టసంగా, ఒద్దికగా కూర్చుని, అప్పారావు మాస్టారు. ఒక కన్ను మా మీద ఉంది. రెండో కన్ను ఒక ఈగ మీద ఉంది. మా కంటే ఈగే ఆయనకు ముఖ్యమైనట్టుంది, నాలుక చాచి లాక్కున్నారు.

యాదగిరి వాళ్ళమ్మ జాలీ వైపు తిరిగి, "మరి నేను సూసిన తోక ఎవలిది?" అంది.

అప్పుడు హైమ నోట్లోంచి కొంగు ఊడింది. అంత నవ్వు ఆమె ఎక్కడ దాచుకుందో! మెట్టు మీంచి కిందికి జారి, మడి గట్టు మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే యాస మారింది.

"సూడకుండనే రాసినవా? పదకొండు దినాలు? నన్ను గుర్తువడుతున్నట్టుంది అని గూడ రాసినవ్ గద! నిన్ను గుర్తువట్టింది కరెపాకు చెట్టు!"

"నువ్వు సూసినవ్ గద?" అన్నాను, కోపం నటిస్తూ. "రోజూ సంతకం పెట్టినవ్ గద? అయితే నువ్వు గూడ మోసం జేసినట్టే."

హైమ నవ్వు ఆపింది. కళ్ళు తుడుచుకుంది. "పుస్తకం తెండి" అంది, మళ్ళీ మా అత్తగారి భాషలో.

తెచ్చాను. యాదగిరి లాక్కున్నాడు. నేను రాసిన గళ్ళు దాటి చివరి గడిలోకి, హైమ సంతకం కిందికి వేలు పోనిచ్చాడు. సంతకం కింద చీమలంత అక్షరాలు ఉన్నాయి. పదకొండు రోజులు నేను ఆ గడి నిండిందో లేదో మాత్రమే చూశాను. నిండి ఉండేది. నాకు అది చాలు.

యాదగిరి పైకి చదివాడు. "గూట్లో లేదు. మునగ చెట్టు, రెండో కొమ్మ. ఆకుపచ్చ. హైమ."

మరుసటి రోజుది: "మునగ చెట్టు. ఎండ కాచుకుంటున్నాడు. కాలు బాగుంది. హైమ."

ఆ తర్వాతది: "మునగ చెట్టు, పై కొమ్మ. మావారు కరివేపాకుకు గుడ్‌మార్నింగ్ చెప్పి బస్సెక్కారు. హైమ."

పదకొండు రోజులూ ఉన్నాయి. ఒక్కటీ తప్పు లేదు. ఒక్క రోజు మాత్రం "వానకు ఎటు పోయాడో కనబడలేదు" అని ఉంది. కనబడకపోతే కనబడలేదని రాసింది. నా అబద్ధం పక్కనే, అదే వరుసలో, నిజం రోజూ కూర్చుని నాకోసం ఎదురుచూసింది.

యాదగిరి పుస్తకం మూసి రెండు చేతులతో నాకు ఇచ్చాడు. "అన్నా, గిది ఆడిట్‌ల దొరికితే మన కంపెనీకి తాళమే. వదినను ఉద్యోగంల వెట్టి, నువ్వు మిడతలు వట్టుకో."

సోమవారానికి సంగతి ఫ్యాక్టరీ అంతా పాకింది. చాలా కాలం కాంటీన్‌లో పప్పు వడ్డించేవాడు కూడా "కనవడ్డదా సార్?" అని గరిటె చూపించేవాడు. కొత్తవాళ్ళకు మొదటి రోజు పాఠం చెప్పే పని యాదగిరికి మారింది. నేను చెప్పే మాటలే చెప్పేవాడు, చివర ఒక ఊసరవెల్లి ఉదాహరణ చేర్చి. అప్పారావు మాస్టారు ఆ వానాకాలమంతా మునగ చెట్టు మీద ఉన్నారు. తర్వాత కనబడలేదు. గూడు విప్పేశాను. పుస్తకం వంటింట్లో ఎక్కడో పెట్టాను. ఇరవయ్యో పేజీ దాకా రాసి ఉంది, మిగతాది ఖాళీ అనుకున్నాను.

ఇది జరిగి ఏడేళ్ళు. రెండేళ్ళ కిందట హైమ పోయింది. దాని గురించి ఇక్కడ రాయను. అందులో నవ్వు లేదు.

మొన్న అటక మీది సామాను దింపుతుంటే గూడుకు కట్టిన జాలీలో చుట్టి ఆ పుస్తకం దొరికింది. నవ్వుకుందామనే తెరిచాను. ఇరవయ్యో పేజీ దాకా చదివి, మూయబోయి, ఈ ఒక్కసారి ఆఖరి దాకా చూద్దామని పేజీ తిప్పాను.

ఇరవై ఒకటో పేజీలో నేను గీసిన గళ్ళే ఉన్నాయి. రాత మాత్రం హైమది. పైన శీర్షిక: శాంపిల్ నంబరు రెండు.

తేదీ ఆ ఆదివారం తర్వాతి సోమవారం. "రంగు: ఎర్రగా కందిపోయింది, కాంటీన్‌లో ఏడిపించినట్టున్నారు. తిన్నది: ఉప్మా, సణుగుతూ. కదలిక: కుర్చీ నుంచి మంచానికి. రాసినవారు: హైమ." పక్కన తనిఖీ గడి ఖాళీ.

రోజూ రాయలేదు. బుద్ధి పుట్టినప్పుడు రాసింది. నెలకొకటి, రెండు నెలలకొకటి. "ఉష్ణోగ్రత: నూటొకటి. ఒప్పుకోడు." ఇంకో చోట, "తేమ: కళ్ళల్లో కొంచెం. వాళ్ళ నాన్నగారి సంవత్సరీకం. ఎవరూ చూడలేదనుకున్నాడు." ఇంకో చోట, "కొత్త చొక్కా వేశాడు. ఊసరవెల్లి కంటే బాగున్నాడు. చెప్పలేదు, ఎక్కువ చేస్తాడు." ఐదేళ్ళు అలా రాసింది. ప్రతి వరుసలోనూ చివరి గడి నాకోసం వదిలింది. ఆమె పోయాక నేనే అటకెక్కించాను గాని, ఆ రోజుల్లో పుస్తకం వంటింట్లో పప్పుల డబ్బాల పక్కనే ఉండేది. నేను రోజూ చూసేవాణ్ణి దాన్ని. ఉందో లేదో మాత్రమే చూసేవాణ్ణి.

ఆఖరిది ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక రాసింది. అక్షరాలు వంకరపోయాయి. "రంగు: బాగాలేదు. కదలిక: నా మంచం చుట్టూ. తిన్నది: తిన్నానన్నాడు. నేను చూడలేదు కాబట్టి రాయను. హైమ."

ఆ రోజు నేను తినలేదు.

పుస్తకం పట్టుకుని మెట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. బాలమణి పాలకూర మడిలోంచి తల ఎత్తింది. ముసలిదైంది, చూపు మందగించింది.

"ఏంది సారూ గట్ల కూసున్నవ్? తిన్నవా?"

"తిన్న" అనబోయాను. నోరు మూసుకుని లోపలికి వెళ్ళాను. అన్నం పెట్టుకుని, కంచం పట్టుకుని వచ్చి, ఆమెకు కనబడేట్టు మెట్టు మీద కూర్చుని తిన్నాను.

తర్వాత మునగ చెట్టు సాక్షిగా, పాలకూర సాక్షిగా, నా చేతుల్లో ఖైదైన మిడతలన్నిటి సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట కంటితో చూడనిది చేత్తో రాయను. ఊసరవెల్లిని ఇంట్లో పెట్టను, కరివేపాకుకు గుడ్‌మార్నింగ్ చెప్పను. పుస్తకమన్నది చేతికొస్తే ఆఖరి పేజీ దాకా తిప్పుతాను.

కలం తీసుకుని ఇరవై ఒకటో పేజీ నుంచి మొదలుపెట్టాను. ప్రతి వరుసా చదివి, గుర్తు తెచ్చుకుని, నిజమేనని చూసుకుని, తనిఖీ గడిలో ఒక్కొక్క సంతకం పెట్టాను. పాత తేదీ వేయలేదు. పదిహేనేళ్ళు చెప్పిన పాఠం ప్రకారం ఇవాళ్టి తేదీ వేశాను. ఆలస్యమైతే కారణం రాయాలి కదా, అదీ రాశాను.

ఆలస్యానికి కారణం: పేజీ తిప్పలేదు.